మేడ మీద యాంటెన్నా, గదిలో గడియారం



సైన్స్ ఎగ్జిబిషన్ అయిపోయిన మర్నాడు ప్రాజెక్టులన్నీ ఏమవుతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. థర్మోకోల్ అగ్నిపర్వతం అటకెక్కుతుంది, చార్టు పరుపు కిందికి పోతుంది. కానీ ఒక్క ప్రాజెక్టు మాత్రం ఇంటికెళ్లాక కూడా బతికే ఉంటోంది. అదే జీపీఎస్ గడియారం. చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో ఎర్ర అంకెలు, సెకనుకోసారి మిణుకుమనే లైటు, కిటికీలోంచి బయటికి వెళ్లే సన్నటి నల్ల కేబులు. మా పై తరగతుల పిల్లల్లో కొందరు దీన్ని చేశారు. వాళ్లలో కొందరి నాన్నలకే ఆ సరదా ఎక్కువ పట్టుకుందని విన్నాను.

ఈ నెల దాని గురించే ఎందుకు రాస్తున్నానంటే, నా వల్ల ఒక పొరపాటు జరిగింది.

మొదటి వానల్లో ఒక సాయంత్రం తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఉరుములు మొదలవగానే మేడ మెట్లెక్కాడు. వాళ్ల నాయనమ్మ కేకేస్తే, "పిడుగులప్పుడు యాంటెన్నా ఊడదీయాలని మేడమ్ చెప్పారు నాయనమ్మా" అన్నాడట. యాంటెన్నా విప్పి, కేబులు చేతికి చుట్టుకుని తడుస్తూ దిగొచ్చాడు. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. మర్నాడు ఆ సంగతి నాతో గర్వంగా చెప్పాడు. నాకు మాత్రం ఒళ్లంతా చల్లబడింది. క్లాసులో నేనన్న మాట అదే. కానీ ఎక్కడ ఊడదీయాలో చెప్పలేదు, ఎప్పుడో చెప్పలేదు. అప్పుడు వదిలేసింది ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. దయచేసి పిల్లలతో కలిసి చదవండి.

ముందు ఆ డబ్బా ఏం చేస్తుందో చూద్దాం. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల్లో అణు గడియారాలుంటాయి. అవి నిరంతరం తమ టైము చెబుతూనే ఉంటాయి. మన దగ్గరి మాడ్యూలు నాలుగు ఉపగ్రహాల మాట వింటే, తానెక్కడుందో, టైమెంతో రెండూ లెక్కగట్టుకుంటుంది. ఆ తర్వాత సెకను మొదలయ్యే క్షణంలో ఒక చిన్న విద్యుత్ తట్టు ఇస్తుంది. పిల్లలు ఎక్కువగా వాడే నియో-6ఎం మాడ్యూలులో ఈ తట్టు సెకనులో వందకోట్లో వంతును లెక్కపెట్టే కొలతలో 30 దాకా మాత్రమే అటూఇటూ అవుతుందని తయారీదారులు చెబుతారు. ఆ వందకోట్లో వంతులో వెలుతురు వెళ్లే దూరం 30 సెంటీమీటర్లు, అంటే మన స్కేలు పొడవు. కొన్ని వందల రూపాయల వస్తువు ఇంత పని చేస్తుంది. ఆ తట్టు లేకుండా మామూలు క్వార్ట్జ్ గడియారాన్ని వదిలేస్తే రోజుకు సెకను పైనే తప్పొచ్చు.

"ఇంత కచ్చితంగా టైము తెలిసి ఏం చేసుకుంటామండీ?" అని ఒక నాన్నగారు అడిగారు. మంచి ప్రశ్నే. మన దేశపు టైముకు ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం ఎక్కడో అలహాబాదు దగ్గరే ఉందని మనం చదువుకున్నాం. అదే గీత దక్షిణానికి వచ్చి, మన అన్నవరానికీ తునికీ మధ్యలోంచి సముద్రంలోకి దిగుతుంది. రత్నగిరి మెట్లెక్కినవాళ్లు ఆ గీతకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో నిలబడ్డట్టే. రాజమహేంద్రవరం ఆ గీతకు పడమరగా ఉంది కాబట్టి మనకు సూర్యుడు నడినెత్తికి రావడం సగటున దాదాపు 2 నిమిషాల 50 సెకన్లు ఆలస్యం. భీమవరంలో దాదాపు 4 నిమిషాలు. మన అక్షాంశం దగ్గర భూమి ఒక్క సెకనులో దాదాపు 440 మీటర్లు తిరుగుతుంది. అంటే గడియారం ఒక్క సెకను తప్పితే, నీడ కొలిచి ఊరు ఎక్కడుందో లెక్కగట్టే పిల్లవాడి ఊరు అరకిలోమీటరు జరిగిపోతుంది. ఇలాంటి లెక్క పుస్తకంలో చదవడం వేరు, సొంత గడియారంతో పట్టుకోవడం వేరు.

ఈ సరదా మనవైపు కొత్తదీ కాదు. 1840లో విశాఖపట్నంలో గొడే వెంకట జగ్గారావు గారు సొంత ఖర్చుతో నక్షత్రశాల పెట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు ఇక్కడినుంచే పరిశీలించారు. అలాంటి పరిశీలనకు గడియారమే ప్రాణం. వాళ్లకు గడియారం సరిచూసుకోవడానికి నక్షత్రాలు దిక్కు, మన పిల్లలకు ఉపగ్రహాలు.

ఇక అసలు విషయం, పిడుగు.

2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ చెప్పిన లెక్క ప్రపంచమంతా వార్తయింది. ఎండాకాలం చివర, తొలకరి మొదట్లో మనకిది ఏటా ఉండేదే. మేడ మీది యాంటెన్నా, దానినుంచి గదిలోకి వచ్చే రాగి కేబులు, అక్కడినుంచి అడాప్టరు, స్విచ్‌బోర్డు, కొన్ని ఇళ్లలో కంప్యూటరు. ఇది మెరుపుకు మనమే వేసిపెట్టిన దారి. పిడుగు నేరుగా యాంటెన్నా మీదే పడనక్కర్లేదు. పక్క వీధి కొబ్బరిచెట్టు మీద పడినా, పొడవాటి కేబులులో పుట్టే విద్యుత్తు చాలు, మాడ్యూలు మాడిపోవడానికి.

కాబట్టి విడదీయాలి. మేడ మీద కాదు, గదిలో. మాడ్యూలు దగ్గర కేబులు కొనను మర తిప్పి ఊడదీసి, కిటికీ బయటికి జరిపి ఉంచాలి. అడాప్టరు కూడా ప్లగ్గులోంచి తీసేయాలి. ఒకటి తీసి రెండోది వదిలేస్తే సగం పనే. పైగా ఇదంతా ఉరుము వినపడక ముందే జరగాలి. ఉరుము వినపడిందంటే మీరప్పటికే పిడుగు పడగల దూరంలో ఉన్నారు. అప్పుడిక కేబులు ముట్టుకోవద్దు, మేడ మాట అసలే వద్దు. గడియారం పోతే పోనివ్వండి. ఆ మాడ్యూలు ఖరీదు రెండు పూటల కూరగాయలు. ఈ మాట మీరే పిల్లలతో పైకి అనండి. ఎందుకంటే కష్టపడి చేసుకున్న వస్తువు పోతే ఇంట్లో తిడతారేమోనన్న భయమే ఆ రోజు ఆ పిల్లవాణ్ణి మెట్లెక్కించింది. నేను తర్వాత నెమ్మదిగా అడిగితే చెప్పాడు.

మబ్బు పడుతున్నప్పుడు చూసుకోవడానికి పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవాళ్లు తయారు చేసిన దామిని యాప్ ఫోనులో పెట్టుకోండి. యాప్ లేకపోయినా లెక్క ఉంది. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. ముప్ఫై సెకన్లంటే పది కిలోమీటర్లు, అంటే ఇంట్లో ఉండాల్సిన దూరం. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి వెళ్లొద్దు. గడియారాన్ని మళ్లీ కలపడమూ అప్పుడే. వేసవిలో ఊరెళ్తుంటే కేబులు తీసేసే వెళ్లండి.

అసలు యాంటెన్నా మేడ మీదే ఎందుకుండాలి? చాలా ఇళ్లలో అక్కర్లేదు. నేను మా ఇంట్లో కిటికీ సన్‌షేడ్ మీద, గోడకు ఒక జానెడు దూరంలో పెట్టి చూశాను. సగం ఆకాశమే కనిపించినా ఏడెనిమిది ఉపగ్రహాలు దొరికాయి. గడియారానికి అది చాలు. మేడ మీదే పెట్టాలనుకుంటే పిట్టగోడ కంటే ఎత్తున, ఇనుప గొట్టానికి, నీళ్ల ట్యాంకు నెత్తిన మాత్రం వద్దు. కోనసీమ ఇళ్లకు ఇంకో ఇబ్బంది. ఈ సంకేతాలు చాలా బలహీనం. పైన తడిసిన కొబ్బరాకులు కమ్ముకుంటే ఇంకా తగ్గిపోతాయి. ఎండలో బాగా పనిచేసి వానలో మొరాయిస్తోందంటే మాడ్యూలును తిట్టకుండా ఒకసారి తలెత్తి చూడండి.

సర్జ్ అరెస్టరు అనే చిన్న ఇత్తడి ముక్క ఒకటి దొరుకుతుంది. కేబులు ఇంట్లోకి వచ్చేచోట దాన్ని బిగించి, మంచి ఎర్త్‌కు కలిపితే దూరపు పిడుగుల పోటును చాలావరకు నేలలోకి మళ్లిస్తుంది. కొనేటప్పుడు ఒక్కటి అడగాలి: కేబులులో వెళ్లే డీసీ కరెంటును ఇది పోనిస్తుందా? యాంటెన్నాలో చిన్న యాంప్లిఫయరు ఉంటుంది. దానికి కావలసిన 3 నుంచి 5 వోల్టులు అదే కేబులులో పైకి వెళ్తాయి. డీసీని ఆపేసే రకం కొంటే ఆరోజే గడియారం మూగబోతుంది, పిల్లలు వారం రోజులు కారణం వెతుక్కుంటారు. ఎర్త్ సరిగా లేని ఇంట్లో అరెస్టరు ఉన్నా లేనట్టే. ఎంత మంచి అరెస్టరైనా నేరుగా పడే పిడుగును ఆపలేదు. అందుకే అది ఉన్నా ఊడదీయడం మానొద్దు.

పిడుగు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటుంది. అది డబ్బా లోపల ఉంటుంది.

కరెంటు పోయినా టైము మరిచిపోకుండా చాలామంది పిల్లలు డీఎస్3231 అనే చిప్పున్న నీలం బోర్డు పెడతారు. చిప్పు చాలా మంచిది. మామూలు వాతావరణంలో పది లక్షల్లో రెండు వంతులకు మించి తప్పదు. తుపాను వచ్చి అయిదు రోజులు ఆకాశం కనపడకపోయినా, కరెంటు లేకపోయినా, ఒక్క సెకను కూడా తేడా రానివ్వదు. చిక్కు ఆ చిప్పుతో కాదు, బోర్డుతో. చవగ్గా దొరికే ఆ నీలం బోర్డుల మీద బ్యాటరీని చార్జి చేసే ఏర్పాటు ఉంటుంది. ఎల్ఐఆర్2032 అనే చార్జయ్యే బ్యాటరీ కోసం చేసినది. మనం కిరాణా కొట్లో కొని వేసేది సీఆర్2032, చార్జి చేయకూడని రకం. 5 వోల్టుల మీద నడుస్తున్న బోర్డు దాన్ని రాత్రింబవళ్లు చార్జి చేయబోతుంది. బ్యాటరీ ఉబ్బుతుంది, కారుతుంది, ఖర్మకాలితే పగులుతుంది. గడియారాన్ని పిల్లల మంచం పక్కనే పెట్టుకుంటారు కదా, ఒక్కసారి మూత తీసి చూడండి. బ్యాటరీ గిన్నెలా పైకి లేచి ఉంటే ప్లగ్గు తీసేసి, దాన్ని బయట పడేయండి. ఎల్ఐఆర్ రకం వేస్తే సరిపోతుందని కొందరంటారు, కానీ 5 వోల్టుల దగ్గర దానిక్కూడా మోతాదు మించుతుంది. మేలైన దారి, ఆ బోర్డు మీది చిన్న డయోడునో దాని పక్కనున్న 201 అని రాసిన రెసిస్టరునో తీసేయడం. సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడికి అయిదు నిమిషాల పని. అప్పుడు సీఆర్2032 నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే మరీ జాగ్రత్త. ఈ బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగారని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. డబ్బా మూతకు స్క్రూ తప్పనిసరి. రబ్బరు బ్యాండు కట్టి తెచ్చిన ప్రాజెక్టుకు ఈ ఏడాది నుంచి నేను మార్కులు వేయను.

కరెంటు సంగతి. "మేడమ్ గారండీ, ఆ పెట్టె ఇరవై నాలుగ్గంటలూ వెలగాలంటాడండి మావాడు. బిల్లెవరు కడతారండి?" అని పేరెంట్స్ మీటింగులో ఒకాయన నవ్వుతూనే నిలదీశారు. లెక్క చూద్దాం. 5 వోల్టులు, 0.2 ఆంపియర్లు, అంటే ఒక వాటు. నెలంతా వెలిగితే 720 వాట్ అవర్లు, ముప్పావు యూనిట్ కంటే తక్కువ. కాబట్టి ఉరుముల రోజుల్లో తప్ప, రాత్రి పడుకునే ముందు ఆ స్విచ్చి ఆపకండి. మాడ్యూలు చల్లబడి మళ్లీ మొదలైతే ఉపగ్రహాలను మొదటినుంచి వెతుక్కోవాలి. హామ్ రేడియో సరదా ఉన్నవాళ్లు వాడే 10 మెగాహెర్ట్జ్ పెట్టెల్లో క్వార్ట్జ్‌ను చిన్న పొయ్యిలాంటి గదిలో వెచ్చగా ఉంచుతారు. దాన్ని రోజూ ఆపి వెలిగిస్తే అది నిలకడకు రావడానికే టైము సరిపోతుంది.

చేపల చెరువులూ రొయ్యల చెరువులూ ఉన్న ఊళ్లలో ఏరేటర్లు ఒక్కసారిగా మొదలైనప్పుడు వోల్టేజి ఎలా ఊగుతుందో అక్కడివాళ్లకు నేను చెప్పాలా? సంతలో కొన్న యాభై రూపాయల అడాప్టరు వద్దు. పాత ఫోనుతో వచ్చిన అసలు చార్జరు నయం. పవర్ బ్యాంకు పెడదామనుకుంటే ఒక చిక్కు ఉంది. చాలా పవర్ బ్యాంకులు, తమ నుంచి తీసుకునే కరెంటు మరీ తక్కువైతే ఫోను చార్జింగ్ అయిపోయిందనుకుని ఆగిపోతాయి. ఇన్వర్టరు ఉంటే ఆ లైను ప్లగ్గుకే పెట్టండి. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటరుతో చేసినవాళ్లు దాన్ని సరిగా షట్‌డౌన్ చేశాకే ప్లగ్గు తీయాలి. లేకపోతే మెమరీ కార్డు పాడై, రాసిపెట్టుకున్నదంతా పోతుంది.

తేమ గురించి గోదావరి వాళ్లకు పాఠం అక్కర్లేదు గానీ రెండు మాటలు. కేబులు కిటికీలోకి వచ్చేముందు ఉయ్యాల తాడులా కిందికి ఒక వంపు ఇవ్వండి, వాన నీరు అక్కడే కారిపోతుంది, లోపలికి రాదు. బయటి అతుకులకు మామూలు ఇన్సులేషన్ టేపు చుడితే ఒక్క మే నెలకే జిగురు కారి ఊడుతుంది. సాగదీసి చుడితే తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు వాడండి. సిలికాన్ పూసేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకమైతే వద్దు, అది రాగిని తినేస్తుంది. అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పుగాలికి ఇత్తడి కొనలు పచ్చబడతాయి, ఆరు నెలలకోసారి విప్పి తుడవాలి. డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లం వేసి, కేబులు దూరే కన్నం చుట్టూ చీమలు పట్టకుండా మూయండి. వెచ్చగా ఉండే పెట్టెలంటే చీమలకు మహా ఇష్టం. వరద వచ్చే లంక గ్రామాలవాళ్లు గడియారాన్ని కిటికీ కంటే ఎత్తున గోడకే పెట్టుకోవడం మంచిది.

ఇన్ని చేశాక కూడా గడియారం అబద్ధం చెప్పొచ్చు. అది మామూలు గడియారంలా ఆగిపోయి తన రోగం బయటపెట్టదు, మిణుకు మిణుకుమంటూ ధీమాగా తప్పు చెబుతుంది. జీపీఎస్ పాత సంకేతంలో వారాలను 1,024 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వస్తారు. 1999 ఆగస్టులోనూ 2019 ఏప్రిల్లోనూ అలా జరిగింది, మళ్లీ 2038 నవంబరులో జరుగుతుంది. పాత మాడ్యూలు కొంటే సెకను సరిగ్గా ఉండి, తేదీ మాత్రం పందొమ్మిదిన్నరేళ్లు వెనక్కి ఉండొచ్చు. ఇంకోటి, జీపీఎస్ టైము ప్రపంచ ప్రామాణిక సమయం కంటే 2017 జనవరి 1 నుంచి 18 సెకన్లు ముందుంది. చాలాకాలం ఆపి ఉంచిన మాడ్యూలు ఆ తేడాను ఉపగ్రహం నుంచి మళ్లీ తెలుసుకోవడానికి 12 నిమిషాల 30 సెకన్ల దాకా పట్టొచ్చు. ఈలోగా తన దగ్గరున్న పాత తేడాతోనే రెండు మూడు సెకన్లు తప్పు చూపిస్తుంది. వెలిగించగానే అంకెలు నమ్మొద్దు, పావుగంట ఆగాలి. ఇది చిన్న పిల్లల డబ్బాకే వచ్చే కష్టమూ కాదు. 2013లో శ్రీహరికోట నుంచి మన ఇస్రో పంపిన ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏ ఉపగ్రహంలో మూడు అణు గడియారాలూ 2016లో మొరాయించాయి. ఉపగ్రహం అప్పుడు బాగానే తిరుగుతూ ఉంది, కానీ దారి చూపడానికి పనికిరాకుండా పోయింది.

అందుకని పిల్లలకు ఒక నోటుబుక్కు అలవాటు చేశాను. ప్రతి ఆదివారం ఉదయం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఇంటర్నెట్‌లో ఇచ్చే భారత ప్రామాణిక సమయంతో పోల్చి తేదీ, తేడా, ఎన్ని ఉపగ్రహాలు, వాతావరణం ఒక్క వరుసలో రాయాలి. మన దేశానికి అధికారిక సమయం చూసేది వాళ్లే. ఇంటర్నెట్ ఆలస్యం వల్ల సెకనులో కొద్ది వంతు తేడా కనపడితే కంగారుపడక్కర్లేదు. రెండు సెకన్లు కనపడితే మాత్రం వెతకాలి. అన్నట్టు, మేడ మీదికి పరుగెత్తిన మా కుర్రాడి యాంటెన్నా ఇప్పుడు వంటింటి సన్‌షేడ్ మీద ఉంది. వాడి నోటుబుక్కులో మొన్నటి వరుస: "మబ్బు. సాయంత్రం 4:10కి కేబులు తీశాను. నాయనమ్మ గుర్తు చేసింది."

మీ ఇంట్లో ఇలాంటి గడియారం ఉంటే, ఈ శనివారం లోపు మూత తీసి బ్యాటరీ గూడు ఫోటో తీసి క్లాస్ టీచరుకు వాట్సాప్‌లో పంపండి. నీలం బోర్డైతే ప్లగ్గు తీసి ఉంచండి. సోమవారం గడియారాన్ని పిల్లలతో పంపిస్తే ఫిజిక్స్ ల్యాబులో ఆ డయోడు మేమే తీసి ఇస్తాం. బ్యాటరీని మాత్రం విడిగా, కొనలకు టేపు వేసి పంపండి.